బాలుర యింటిపేరు మార్పు: ఆచారమును చట్టమును

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున ఎమ్మిగనూరునకు సమీపమున నందవరమను గ్రామము కలదు. ఇప్పుడది యొక మండలకేంద్రము. బనగానపల్లె ప్రాంతమున మఱొక నందవరము కలదు. అది 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదివఱకు కర్నూలు జిల్లాలోనే యుండి, నాటినుండి నంద్యాల జిల్లాలో జేరినది. చౌడేశ్వరీదేవి వెలసిన యా రెండవ నందవరమునుబట్టియే నందవరీకు లను బ్రాహ్మణశాఖకు పేరు గలిగినది. ఆ శాఖవారు తరతరములుగా దేశమున నానాస్థలముల నివసించుచున్నను, ఊరిపేరు వారిని విడువలేదు. మనుష్యుడు ఊరు విడుచును గాని ఊరు మనుష్యుని పేరును విడువదు. తెలుగువారి యింటిపేళ్లలో బహుభాగ మీ విధముననే పుట్టినవి.

ఇట్లు స్థిరముగా దోచు నింటిపేరు, ఒక బాలుని విషయమున, అతని జీవితకాలములోనే మాఱవచ్చునా? తండ్రి మరణించి తల్లి పునర్వివాహము చేసికొన్నప్పుడు బాలు డే యింటివాడు? మార్చు నధికార మెవరిది? మార్చిన పిమ్మట పూర్వపు టింటితో నతనికి గల సంబంధ మేమగును? ఈ ప్రశ్నలు న్యాయవాదులకు మాత్రమే సంబంధించినవి కావు. పాఠశాలలో ప్రవేశపుపట్టికయందు బాలుని పేరు మొట్టమొదట వ్రాయు నుపాధ్యాయునకును ఇవి నిత్యము తటస్థించునవియే. కావున నీ విషయమున మన భాషయు, మన యాచారమును, నేటి చట్టమును ఏమి చెప్పుచున్నవో క్రమముగా వివరించెదను. ఇంటిపేరు, రక్తసంబంధము, ఆస్తిహక్కు అను మూడును వేఱువేఱు విషయములనియు, వీనిని ఒకటిగా భావించుటచేతనే కలహములు పుట్టుచున్నవనియు నా యభిప్రాయము.

మొదట భాష సాక్ష్యమును విచారింతము. కందుకూరు అను నూరినుండి కందుకూరి, వేటూరు అను నూరినుండి వేటూరి, కొండవీడునుండి కొండవీటి అను నింటిపేళ్లు కలిగినవి. నందవరమునుండి వచ్చినవారు నందవరపువా రగుదురు. ఇవి యన్నియు ఔపవిభక్తికరూపములు. అనగా షష్ఠ్యర్థమును దెలుపునవి. “కందుకూరి వీరేశలింగము” అన్నప్పుడు కందుకూరునకు సంబంధించిన వీరేశలింగమని యర్థము. బమ్మెర, పింగళి వంటి పేళ్లలో రూపభేదము కానరాకున్నను అర్థమిదియే. ఇంటిపేరు మన భాషలో విశేషణము, వ్యక్తి విశేష్యము. అందుచేతనే అది పేరునకు ముందు నిలుచును. ఈ విశేషణము ఒక స్థలముతోనో, యింటితోనో గల సంబంధమును దెలుపును గాని, జనకుడెవరో దానంతట నదియే చెప్పదు. ఆ పనికి మనవారికి గోత్రప్రవరలు వేఱుగ నున్నవి. ఒకే యింటిపేరు గలవారు భిన్నగోత్రులై యుండుటయు, ఒకే గోత్రమువారికి ననేకములగు నింటిపేళ్లుండుటయు పండితు లెఱిగినవే.

సాహిత్యచరిత్రయు దీనినే చూపుచున్నది. నన్నయభట్టు పేరునకు ముందు మన మింటిపేరును జెప్పము. శ్రీనాథుని విషయము నంతియే. తరిగొండ వెంగమాంబ పుట్టినింటివారు కానాలవారు, మెట్టినింటివారు ఇంజేటివారు. అయినను లోకము ఆమెను ఆ రెండు పేళ్లతోను బిలువక, నృసింహస్వామి వెలసిన తన యూరి పేరుతోనే స్మరించుచున్నది. ఆమెకు తరిగొండ యను పేరు నిచ్చినది వంశమును గాదు, వివాహమును గాదు. ఆమె భక్తికి నిలయమైన స్థలము.

ఇక నాచారము. ఇంటిపేరు మాఱుట మన సమాజమునకు క్రొత్త గాదు. వివాహమున స్త్రీ యింటిపేరు మాఱుచున్నది. దత్తతయందు బాలుని యింటిపేరు మాఱుచున్నది. దత్తపుత్రుడు జనకుని గోత్రమును రిక్థమును గైకొనరాదని మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున విధించినది. రిక్థ మనగా తండ్రినుండి వచ్చు నాస్తి. ఇరువురు తండ్రులకును బుత్రుడై యుభయులకు పిండప్రదానము చేయువానిని ద్వ్యాముష్యాయణు డని ధర్మశాస్త్రములు పేర్కొన్నవి. ఒక బాలుడు రెండిండ్లకు జెందుట యసంభవమని మన పూర్వులు తలపలేదనుట కిది నిదర్శనము.

ఆదోని యెమ్మిగనూరు ప్రాంతపు టాచారములు మఱికొన్ని విశేషములను జూపును. ఆదోని తాలూకా 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదివఱకు బళ్లారి జిల్లాలోనిది. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన నాడు కర్నూలు జిల్లాలో జేరినది. బళ్లారి, కర్నూలు జిల్లాలలోని మోటాటి కాపు లేక రెడ్డి కుటుంబములలో ఇల్లటపు టాచారము కలదని చెన్నపురి యున్నత న్యాయస్థానము 19వ శతాబ్ది తుదిభాగముననే యంగీకరించినది. కొడుకులు లేనివాడు అల్లుని దనయింట నిలుపుకొన్నచో, ఆ యల్లుడు ఆస్తి విషయమున కొడుకు స్థానమును బొందును. పిదప మామకు కొడుకు పుట్టినను అతనితో సమభాగమును గైకొనును. ఐనను ఇల్లటము దత్తత గాదు. ఇల్లటపుటల్లుడు తన పుట్టినింట దనకుగల హక్కులను గోల్పోడు. తన యింటిపేరును సాధారణముగ విడువడు. ఇందు ఆస్తి యొక యింటినుండి వచ్చుచున్నది. పేరు మఱొక యింటిది. పేరును ఆస్తియు గలిసియే నడచునను తలంపునకు, అవి విడివడి నడచుట కిచ్చటి పల్లెలే సాక్ష్యము.

ఇంకొక యాచారము బాధాకరమైనది. బళ్లారి జిల్లాయందు కొన్ని కులములవారు ఆడుపిల్లను దేవతకర్పించి బసివిగా జేయుచుండిరి. ఆమె పెండ్లియాడక పుట్టినింటనే యుండును. ఆమె బిడ్డలు మాతామహుని యింటివారుగా బరిగణింపబడి, ఆ యింటిపేరుతోనే పెరుగుదురు. చెన్నరాష్ట్రమున 1947వ సంవత్సరమునను, ఆంధ్రప్రదేశమున 1988వ సంవత్సరమునను జేయబడిన చట్టములు ఈ యర్పణమును నిషేధించినవి, నిషేధింపదగినదియే. కాని యా దురాచారమునకు లోనైన స్త్రీల బిడ్డలకు ఊరిలో తల్లివైపు నింటిపేరు నిరాటంకముగ జెల్లుచుండగా, పాఠశాలలోని “తండ్రిపేరు” అను గడియే వారికి గండమైనది. ఆచార మిచ్చిన పేరును కాగితము ప్రశ్నించిన దన్నమాట.

ఇప్పుడు చట్టమునకు వత్తము. హిందూ వితంతువుల పునర్వివాహమును 1856వ సంవత్సరపు 15వ చట్టము చెల్లుబాటు చేసినది. ఆ చట్టము నాధారము చేసికొని 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ చట్టమునందే మూడవ విభాగ మొకటి యుండెను. వితంతువు మరల వివాహమాడినచో, మృతుడైన భర్త మరణశాసనముచే నెవరినిని సంరక్షకులుగ నియమింపకున్న పక్షమున, మృతుని తల్లిదండ్రులుగాని పితామహులుగాని పురుషబంధువులుగాని బిడ్డలకు తగిన సంరక్షకుని నియమింపవలసినదని న్యాయస్థానమును గోరవచ్చును. అనగా తల్లికి పునర్వివాహస్వేచ్ఛ నిచ్చిన చట్టమే బిడ్డ మృతుని యింటివాడను తలంపునకును జోటిచ్చినది. ఈ చట్టము 1983వ సంవత్సరమున రద్దయ్యెను. తలంపు మాత్రము రద్దు కాలేదు.

దానికి నిదర్శనము ఆకెళ్లవారికిని కొండవారికిని నడచిన వ్యవహారము. మన తెలుగుదేశమునందే పుట్టి సర్వోన్నత న్యాయస్థానమువఱకు బోయిన యీ వ్యవహారమును గొంత విపులముగ జెప్పుట యావశ్యకము. 2003వ సంవత్సరమున వివాహమైన యొక స్త్రీకి 2006వ సంవత్సరము మార్చి నెలలో కుమారుడు గలిగెను. ఆ శిశువునకు మూడు మాసములైన నిండకమునుపే భర్త మరణించెను. శిశువు కొండవారి యింట బుట్టినవాడు. 2007వ సంవత్సరము ఆగస్టునందు ఆమె ఆకెళ్లవారిలో నొకరిని బునర్వివాహము చేసికొనెను. మృతుని తల్లిదండ్రులు 2008వ సంవత్సరమున, 1890వ సంవత్సరపు సంరక్షకుల చట్టము ననుసరించి, మనుమనికి దమ్మును సంరక్షకులుగ నియమింప గోరిరి. క్రింది న్యాయస్థానము 2011వ సంవత్సరమున వారి కోరికను నిరాకరించి, బాలుని జూచివచ్చుటకు మాత్రము పరిమితమైన యవకాశము నొసగెను.

ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము 2014వ సంవత్సరము జనవరి 24వ తేదిని సంరక్షకత్వపు గోరికను ద్రోసివేయుచునే, క్రొత్తగ నొక యుత్తరు విచ్చెను. మూడు మాసములలో బాలునకు మొదటి యింటిపేరును జనకుని పేరును దిరిగి నెలకొల్పవలెననియు, జనకుని పేరు చూపుటకు వీలులేని పత్రములయందు తల్లి రెండవ భర్తను మాఱుతండ్రి యని పేర్కొనవలెననియు దాని భావము. తాతయు నాయనమ్మయు ఈ మార్పును దమ యర్జీలో గోరియుండలేదు.

తల్లి సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించెను. వ్యవహారము నడచుచుండగానే, 2019వ సంవత్సరము జూలైనందు ఆమె రెండవ భర్త బాలుని దత్తత గైకొని దత్తపత్రమును రిజిస్టరు చేయించెను. 2022వ సంవత్సరము జూలై 28వ తేదిని న్యాయమూర్తులు దినేశ్ మాహేశ్వరి, కృష్ణ మురారి గారలు తీర్పు చెప్పుచు, ఇంటిపేరునుగుఱించిన యున్నత న్యాయస్థానపు టుత్తరువును గొట్టివైచిరి. తండ్రి మరణానంతరము తల్లియే బిడ్డకు సహజసంరక్షకురాలు గాన ఇంటిపేరును నిర్ణయించు నధికార మామెదే యనియు, బిడ్డను దత్తతకిచ్చు హక్కును ఆమెకు గలదనియు వా రనిరి. పత్రములలో మాఱుతండ్రి యని వ్రాయుమనుట క్రూరమును వివేకశూన్యమును అనదగినదనియు, బాలుని మనస్సు నది నొప్పించుననియు దలచిరి. ఇంటిపేరు వంశమును దెలుపుటకు మాత్రమే యేర్పడినది గాదనియు, కుటుంబములోని తక్కినవారితో నొకడు పంచుకొను పేరనియు వివరించిరి. న్యాయస్థానము జోక్యము కలిగించుకొనరాదని గాదు. స్పష్టమైన కోరిక యుండవలెను, బాలుని హితమే దానికి బ్రమాణము గావలెను.

ఈ తీర్పు విదేశభావముల ననుసరించినదని కొందఱు తలపవచ్చును. నే నట్లు తలపను. ఇంటిపేరు షష్ఠ్యర్థకమైన విశేషణమని పైని జెప్పితిని. బాలు డే యింట నుండి, ఏ యింటి తమ్ములతో జెల్లెండ్రతో గలిసి భుజించి, ఏ యింటినుండి బడికి బోవుచున్నాడో ఆ యింటివాడని చెప్పుట మన భాషాస్వభావమునకు విరుద్ధము గాదు. ఐనను ఒక్కమాట. కొడుకును గోల్పోయిన వృద్ధులకు మనుమని పేరులో నిలిచిన కొడుకు గుర్తు చెఱగిపోవుచున్నదను దుఃఖము స్వల్పమైనది గాదు. ఆ దుఃఖమునకు దగిన మందు వారు మనుమని జూచుటయు, అతనితో మాటలాడుటయు, వాని తండ్రి కథను వానికి జెప్పుటయు గాని, ప్రతి పత్రమునందును “మాఱుతండ్రి” యను మాటను ముద్రించి బాలుని సహాధ్యాయులకు జూపుట గాదు.

ఇచ్చట నొక భేదమును దప్పక గ్రహింపవలెను. ఇంటిపేరు మార్పు వేఱు, దత్తత వేఱు. ఇంటిపేరు మాత్రమే మాఱినచో బాలుని వారసత్వమున నేమార్పును గలుగదు. అతడు తన జనకుని కుమారుడే. మాఱుతండ్రి యింటిపేరు ధరించినంత మాత్రమున మాఱుతండ్రి యాస్తికి వారసుడును గాడు. 1956వ సంవత్సరపు హిందూ మైనర్ల సంరక్షకత్వపు చట్టమును మాఱుతండ్రిని సహజసంరక్షకునిగా నంగీకరింపదు. దత్తత జరిగినచో ఫలము వేఱు. 1956వ సంవత్సరపు హిందూ దత్తత చట్టము పండ్రెండవ విభాగము ననుసరించి, దత్తత దినమునుండి బాలుడు దత్తత గైకొన్నవారి బిడ్డయే యగును. పుట్టినింటి సంబంధములు తెగును. కాని యందును మినహాయింపులు గలవు. దత్తతకు బూర్వమే అతనికి సంక్రమించిన యాస్తి యతనిదే. పుట్టినింటి వివాహనిషేధములు పూర్వమువలెనే యుండును. దత్తతకు బాలుడు పదునైదేండ్లు నిండనివాడై యుండవలెను. అంతకు మీఱిన వయస్సున దత్తతకు ఆచారము తోడుపడవలెను. కావున తల్లిదండ్రులు ముందుగా నిశ్చయింపవలసిన దేమనగా: తమకు గావలసినది పేరు మాత్రమా, పుత్రత్వమా? పేరు చాలునన్నచోట దత్తత చేసి తాతనుండి రాదగిన వారసత్వమును బోగొట్టుటయు, పుత్రత్వము గోరినచోట పేరు మాత్రము మార్చి తృప్తి జెందుటయు, రెండును బాలునకు నష్టకరములే.

మార్చు నధికార మెవరిది? తల్లిదండ్రు లిరువురును జీవించియుండి యేకాభిప్రాయులైనచో చిక్కులేదు. పైని జెప్పిన సంరక్షకత్వపు చట్టమున సహజసంరక్షకుడు తండ్రి యనియు, అతని తరువాత తల్లి యనియు గలదు. గీతా హరిహరన్ వ్యవహారమున 1999వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదిని సర్వోన్నత న్యాయస్థానము ఆ “తరువాత” యను పదమునకు తండ్రి మరణానంతర మని మాత్రమేగాక, తండ్రి లేని సమయమున లేక పట్టించుకొనని సమయమున అను నర్థమును గూడ జెప్పినది. ఒక్క పదమున కిట్టి యర్థవిస్తారము జరిగి లక్షలకొలది తల్లుల కధికారము గలిగినది. వైయాకరణులు మెచ్చదగిన తీర్పు. అవివాహిత యగు తల్లి తండ్రి పేరును జెప్పకయే, అతనికి దెలియజేయకయే, బిడ్డకు సంరక్షకురాలు గావచ్చుననియు, ఆమె ప్రమాణపత్రముపై జననపత్రము నీయవలెననియు 2015వ సంవత్సరము జూలై 6వ తేదిని ఆ న్యాయస్థానమే తీర్పు చెప్పినది. బసివి బిడ్డలకు గండమైన గడిని దాటుటకు ఇది మంచి యాధారము. విడిపోయిన దంపతులలో నొక రంగీకరింపనిచోట మాత్రము, రెండవవారు రహస్యముగ మార్చుట వివాదమునకు దారితీయును. న్యాయస్థానపు టనుమతి పొందుటయే క్షేమము.

విధానమును సంగ్రహముగ జెప్పెదను. మన దేశమున పేళ్ల మార్పునకై ప్రత్యేకమగు సమగ్రచట్టము లేదు. తురుష్కదేశమున 1934వ సంవత్సరమున ప్రతివాడును ఇంటిపేరు గైకొనవలెనని చట్టము చేసిరి. మన యింటిపేళ్లు ప్రభుత్వ మిచ్చినవి గావు. కాని ప్రభుత్వపుపట్టికలలో వ్రాయబడిన పేరు మార్చుటకు ప్రభుత్వపు ద్వారమే శరణ్యము.

మొదటి దశ పుట్టుకపట్టిక. 1969వ సంవత్సరపు జనన మరణ నమోదు చట్టము 14వ విభాగము ప్రకారము పేరు లేకయే జననమును నమోదు చేయించి, పేరును పిదప జేర్పవచ్చును. పండ్రెండు మాసములలోపున రుసుము లేదు. పిదప పదునైదేండ్లవఱకు ఆలస్యపు రుసుముతో జేర్పవచ్చును. 15వ విభాగము వ్రాతలోని తప్పును దిద్దుటకు సంబంధించినది. తప్పును దిద్దుట వేఱు, ఒప్పుగ వ్రాయబడిన పేరును గోరి మార్చుకొనుట వేఱు. ఈ భేద మెఱుగక కార్యాలయముల చుట్టు దిరిగి విసిగినవా రనేకులు. ఆ చట్టమునకు గావింపబడిన సవరణ 2023వ సంవత్సరము అక్టోబరు 1వ తేదినుండి యమలులోనికి వచ్చినది. నాటినుండి పుట్టినవారికి పాఠశాలప్రవేశము మొదలైన వానియందు జననతేదికిని జన్మస్థలమునకును జననపత్రమే ప్రమాణము. కావున శిశువు పేరును మొదటనే విచారించి వ్రాయించుట మునుపటికంటె నేడు ముఖ్యము.

రెండవ దశ కోరి చేయు మార్పు. సంరక్షకుడు పాత పేరును, క్రొత్త పేరును, మార్పునకు గారణమును దెలుపుచు ప్రమాణపత్రము వ్రాసి, వార్తాపత్రికలలో బ్రకటించి, ప్రభుత్వపు రాజపత్రమున బ్రచురింప గోరవలెను. రాజపత్రప్రకటన లోకమునకు దెలియజేయు సాధనము. ఇరుపక్షముల హక్కులను దేల్చు తీర్పు గాదు. దత్తత యైనచో రిజిస్టరైన దత్తపత్రమును, వివాదమున్నచో న్యాయస్థానపు టుత్తరువును జతపఱుపవలెను.

మూడవ దశ పాఠశాల. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలికి సంబంధించిన వ్యవహారమున 2021వ సంవత్సరము జూన్ 3వ తేదిని సర్వోన్నత న్యాయస్థానము ముఖ్యమైన సిద్ధాంతమును జెప్పినది. తన పేరును దాను నిర్ణయించుకొనుట రాజ్యాంగము 19వ యధికరణముచే రక్షింపబడిన భావప్రకటనస్వాతంత్ర్యములో నంతర్భూత మనియు, తగిన యాధారము లున్నప్పుడు యోగ్యతాపత్రములలోని పేరును మార్చుటకు మండలి మార్గము గల్పింపవలె ననియు దాని సారము.

మన ప్రాంతమునకు బ్రత్యేకమైన మఱొక చిక్కు గలదు. తుంగభద్ర కావలి వైపున గన్నడము నడచుచుండుటచే, ఈ సీమయందు పేరు వ్రాయు పద్ధతులు రెండును గలిసినవి. తెలుగుపద్ధతిని మొదటి యక్షర మింటిపేరునకు గుర్తు. కన్నడపద్ధతిని ఊరికో తండ్రికో గుర్తు. ఒకే యక్షరమునకు ఒక పట్టికలో నొక యర్థము, మఱొక పట్టికలో మఱొక యర్థము గలుగుచున్నది. అంతకంటె గహనమైనది వేఱొకటి. కర్నూలు సీమ పట్టికలలో బోయ, కురువ, చాకలి మొదలైన కులనామములు ఇంటిపేరు స్థానమున వ్రాయబడుట యలవాటైనది. ఉదాహరణమునకు ఉరుకుంద యీరన్నస్వామి పేరు బెట్టుకొన్న యొక బాలు డున్నాడనుకొందము. ఇంట వాని కింటిపేరు వేఱుగ నున్నను, పట్టికలో వాడు “బోయ ఉరుకుందప్ప” యగును. ఇంటిపేరు లేకకాదు; వ్రాసినవా రడుగక. ఆ కులనామము తనకు గౌరవమని యొకడు నిలుపుకొనవచ్చును; అది వాని యిష్టము. కాని యడుగక వ్రాసినది యిష్ట మనిపించుకొనదు. పెద్దవాడై, కొలువులకై యితరరాష్ట్రములకో విదేశములకో బోవునప్పుడు, ఆ పదమే వాని వంశనామమై శాశ్వతమగును.

విదేశములకు బోయిన తెలుగువారి యనుభవ మింకొక వింత. పాశ్చాత్యులలో వంశనామము పేరునకు జివర నుండును. మన యింటిపేరు మొదట నుండును. అచ్చటి పట్టికలలో జివరి పదమును వంశనామముగ దీసికొనుటచే, తండ్రికి తల్లిదండ్రులు ముద్దుగ బెట్టుకొన్న పేరు బిడ్డలకు వంశనామమై, అసలు టింటిపేరు లోపించిన కుటుంబములు గలవు. ఒక గడి నింపుటలో జరిగిన పొరపాటు తరతరముల పేరు మార్చుట కిది నిదర్శనము.

కావున పాఠశాలాపండితులకు నా విన్నప మిది. ప్రవేశపుపట్టికలో వ్రాసిన పేరే పదవ తరగతి పరీక్షాపట్టికకు బోవును. అదియే యోగ్యతాపత్రమున ముద్రింపబడును. ఆపైని సమస్తపత్రములకు నదియే మూల మగును. పిదప దానిని మార్చుటకు ప్రమాణపత్రములు, ప్రకటనలు, కొన్నియెడల సంవత్సరములకొలది వ్యవహారములు గావలసి యుండును. మొదటి దినమున నాలుగు ప్రశ్న లడిగిన జాలును. ఇంట మిమ్మేమని పిలుతురు? ఇంటిపేరు పూర్తిగ నెట్లు వ్రాయుదురు? జననపత్రమున నెట్లున్నది? ఈ పేరునకు సంరక్షకు లంగీకరించిరా? కులమును ఇంటిపేరు స్థానమున వ్రాయకుందురు గాక. పునర్వివాహిత యగు తల్లి బిడ్డను దెచ్చినప్పుడు, పదిమంది యెదుట “వీని యసలు తండ్రి యెవరు?” అని యడుగకుందురు గాక. తెలిసికొనవలసిన విషయము పత్రములనుండి తెలియును.

నందవరీకుల యైతిహ్యమున, నందరాజు కాశిలో బ్రాహ్మణులకు జేసిన వాగ్దానమును మఱచి కాదన్నప్పుడు, దేవియే వచ్చి సాక్ష్యము చెప్పెనందురు. పేరును ఒక వాగ్దానమే. నీవు మా యింటివాడవని పెద్దలు బిడ్డకు జేయు వాగ్దాన మది. ఆ వాగ్దానమును జేసినవారు జనకులే కావచ్చును, దత్తత గైకొన్నవారు కావచ్చును, ఒంటరియగు తల్లియే కావచ్చును. దానికి సాక్ష్యము చెప్పవలసినది పాఠశాలపట్టిక. అది యబద్ధసాక్ష్యము చెప్పకుండ జూచు భారము వ్రాయువానిదే యని మనవిచేయుచు నీ వ్యాసమును ముగించుచున్నాను. విజ్ఞు లిందలి లోపములను సవరింతురు గాక.